కోఠిలో కొననివ్వని కోటు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఇరవై ఏడేళ్లు జనరల్ నాలెడ్జ్ చెప్పాను. అమెరికాలోని యాభై రాష్ట్రాల రాజధానులు, అవి యూనియన్‌లో చేరిన వరస, వాటి పక్షులు, పూలు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అన్నిటిలోకీ నాకు బాగా వచ్చు అనుకున్న రాష్ట్రం టెక్సస్. ఆ టెక్సస్‌లోనే 2021 ఫిబ్రవరిలో నా బిడ్డ మూడు రాత్రులు గడ్డకట్టే చలిలో పడుకుంది. తనకంటూ ఒక కోటు లేకపోవడానికి కారణం నేను. అంతకంటే పెద్ద తప్పు రెండో రోజు ఫోన్లో చేశాను. అది నా భార్యకు కూడా సగమే తెలుసు. ఇన్నాళ్లకు పూర్తిగా రాస్తున్నాను.

ఈ కథ కోఠిలోనే మొదలైంది. 1984లో డిగ్రీ చదువుతున్నప్పుడు అక్కడి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో ఒక అమెరికా అట్లాస్ దొరికింది. అట్ట లేదు, ముందు నాలుగు పేజీలు లేవు. పద్దెనిమిది రూపాయలు చెప్పి పన్నెండుకు ఇచ్చాడు. బస్సుకు పైసలు మిగలక బడీచౌడీ, కాచిగూడ మీదుగా నారాయణగూడ దాటి చిక్కడపల్లిలోని మా గదికి నడిచే వచ్చాను. ఆ అట్లాస్‌లో ప్రతి రాష్ట్రానికీ రెండు పటాలు. ఎడమ పేజీలో సరిహద్దులు, కౌంటీలు, పట్టణాలు. కుడి పేజీలో కొండలు, మైదానాలు, నదులు. పరీక్షల్లో అడిగేది ఎడమ పేజీలో ఉండేది. నేను ఎడమ పేజీలే చదివాను.

1993 నుంచి అశోక్‌నగర్‌లో పాఠాలు. గ్రూప్స్ పరీక్షల కోసం ఊళ్ల నుంచి వచ్చి, హాస్టల్ గదుల్లో నలుగురైదుగురు సర్దుకుని, పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని చదువుకునే పిల్లలు నా శిష్యులు. వాళ్లకు టైం విలువ తెలుసు. ఏ ముక్క ఎన్ని మార్కులో తెలుసు. అందుకే వాళ్లకు బిట్లు బిట్లుగా చెప్పేవాణ్ణి, టెక్సస్‌ను కూడా అట్లాగే. 1836లో మెక్సికో నుంచి విడిపోయి స్వతంత్ర దేశమైంది, 1845 డిసెంబర్ 29న 28వ రాష్ట్రంగా అమెరికాలో చేరింది. రాజధాని ఆస్టిన్. 254 కౌంటీలు, అమెరికాలో ఇంకే రాష్ట్రానికీ ఇన్ని లేవు. విస్తీర్ణం 6,95,000 చదరపు కిలోమీటర్లకు పైగా. మన తెలంగాణ 1,12,077. అంటే ఆరు తెలంగాణలు పట్టి ఇంకా చోటు మిగులుతుంది. రాష్ట్ర పువ్వు బ్లూబోనెట్, 1901. మన సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టిన ఏడు కూడా అదే అని చెప్పేవాణ్ణి, గుర్తుండటానికి. రాష్ట్ర పక్షి మాకింగ్‌బర్డ్, చెట్టు పెకాన్. రాష్ట్రంలో ఎక్కువ భాగం ఒక టైమ్ జోన్‌లో, పడమటి కొసన ఎల్ పాసో ఇంకో టైమ్ జోన్‌లో. ముడిచమురు, సహజవాయువు తీయడంలో దేశంలోనే మొదటి స్థానం. క్యాడో అనే ఆదివాసుల భాషలో స్నేహితులు అనే మాట నుంచి టెక్సస్ అన్న పేరు వచ్చింది. 'స్నేహం' అన్నది రాష్ట్ర నినాదం, 1930లో పెట్టుకున్నారు.

ఇందులో ఒక్క తప్పు లేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. తప్పులు చెప్పి ఉంటే ఎవరో ఒక పిల్లవాడు లేచి దిద్దేవాడు.

2020 డిసెంబరు చివరి వారం. మా అమ్మాయికి డాలస్ దగ్గర ఎం.ఎస్.లో సీటు వచ్చింది, జనవరిలో క్లాసులు. కరోనా భయం ఇంకా తగ్గలేదు. మాస్కులు పెట్టుకుని ముగ్గురం కోఠికి వెళ్లాం. సుల్తాన్‌బజార్‌లో దుప్పట్లు, తువ్వాళ్లు, రెండు పెద్ద సూట్‌కేసులు కొన్నాం. కుక్కరు, చిన్న గిన్నెలు బేగంబజార్‌లో. ఒక్కో సూట్‌కేసులో ఇరవై మూడు కిలోలే పట్టాలి కాబట్టి ప్రతి వస్తువునూ చేత్తో పట్టుకుని బరువు అంచనా వేస్తున్నాం.

చివరికి ఒక బట్టల దుకాణంలో మా అమ్మాయి ఒక ఊలు కోటు తీసి వేసుకుంది. నల్లది. మోకాళ్ల దాకా వచ్చింది. లోపల దళసరి గుడ్డ. అద్దం ముందు నిలబడి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని చూసుకుంది.

"నాన్నా, ఇది తీసుకుందామా? చలి బాగుంటదని సీనియర్లు చెప్తున్నరు."

రెండు వేల ఎనిమిది వందలు. పైసల కోసం నేను వద్దనలేదు. పైసల కోసం అయితే కనీసం అది బీదతనం. నాకు తెలుసు అన్న నమ్మకంతో వద్దన్నాను.

"డాలస్ అక్షాంశం ఎంతో తెలుసా? ముప్పై రెండు ముప్పావు డిగ్రీలు. మన జమ్మూ కూడా అంతే. మెక్సికో పక్క రాష్ట్రం అది. దక్షిణాన సముద్రం. న్యూయార్క్ కాదు, షికాగో కాదు. జనవరి ఒక్క నెల ఓపిక పట్టు, మార్చిలో బ్లూబోనెట్లు పూస్తయి. నీ దగ్గరున్న జాకెట్ చాలు."

దుకాణం ఆయన మెల్లగా అన్నాడు: "సార్, పోయిన నెలల కూడ ఒక పిల్ల టెక్సస్ పోతున్నానని ఇట్లాంటిదే తీస్కపోయింది." అమ్ముకునే మనిషి అట్లాగే అంటాడని నేను ఆ మాట వినలేదు. సీనియర్లు పిల్లలు, వాళ్లకేం తెలుసు అనుకున్నాను. అక్కడ రెండు చలికాలాలు గడిపిన వాళ్లకంటే, టెక్సస్‌లో ఎన్నడూ కాలుపెట్టని నాకు ఎక్కువ తెలుసని ఆ క్షణాన నిజంగా నమ్మాను. పైగా మా ఆవిడను నా వైపు తిప్పుకోవడానికి, "రెండు కిలోలుంది ఇది. ఈ జాగల గోంగూర పచ్చడి, కందిపొడి పోతయి" అన్నాను.

మా అమ్మాయి ఎదురు చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో నేను నాన్ననే కాదు, సార్‌ను కూడా. ఏ ప్రశ్నకైనా నా దగ్గర జవాబు ఉంటుందని పెరిగిన పిల్ల. కోటు విప్పి, గుండీలు అన్నీ పెట్టి, హ్యాంగరుకు తగిలించి ఆయన చేతికిచ్చింది. ఆ గుండీలు పెట్టిన వేళ్లు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

జనవరిలో ఒకసారి ఫోన్లో అంది, ఇక్కడ చలి ఉంది నాన్నా, ఒక కోటు కొననా అని. ఇంకెన్ని రోజులమ్మా, డాలర్లు దండగ అన్నాను. అప్పుడైనా ఊరుకుని ఉండాల్సింది.

ఫిబ్రవరి 15 సోమవారం. ఇక్కడ మధ్యాహ్నం రెండు దాటింది, అక్కడ తెల్లవారుజాము మూడు కాలేదు. అప్పటికే హైదరాబాద్‌లో ఎండ చురుక్కుమంటోంది, ఫ్యాన్ వేసుకుని భోంచేస్తున్నాను. అమ్మాయి ఫోన్ చేసింది. కరెంటు పోయింది, బయటంతా మంచు, హీటరు ఆగిపోయింది అంది. నా మొదటి మాట ఇది: "భయపడకు. టెక్సస్‌ల కరెంటుకు కొదవ లేదు. దేశంలో ఎక్కువ గ్యాస్ తీసేది అక్కడ్నే. పావుగంటల వస్తది."

రాలేదు. ఆ రోజు రాలేదు, మరునాడు రాలేదు.

తర్వాత తెలిసిన సంగతి ఇక్కడే చెప్తాను. ఆ తెల్లవారుజామున టెక్సస్ గ్రిడ్ మొత్తం కుప్పకూలే స్థితికి నాలుగు నిమిషాల ముప్పై ఏడు సెకన్ల దూరం దాకా వెళ్లింది. అది కూలితే మళ్లీ నిలబెట్టడానికి వారాలు పట్టేది. అందుకని ఊళ్లకు ఊళ్లు కరెంటు తీసేశారు. నలభై లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలు చీకట్లో పడ్డాయి. అక్కడ చాలా ఇళ్లలో వెలుగుకే కాదు, వేడికి కూడా కరెంటే ఆధారం. 16వ తేదీ పొద్దున డాలస్ విమానాశ్రయంలో చలి సున్నాకు దిగువన దాదాపు పందొమ్మిది డిగ్రీలు. 1949 తర్వాత అంత చలి వాళ్లు చూడలేదు.

మా అమ్మాయి ఉన్నది రెండో అంతస్తులో, ముగ్గురు తెలుగు పిల్లలు కలిసి తీసుకున్న ఫ్లాట్‌లో. పదిహేనో తేదీ వాళ్ల సాయంత్రానికి గదిలో నోటి నుంచి పొగలు వస్తున్నాయని, కుళాయిలో నీళ్లు ఆగిపోయాయని మెసేజ్ పెట్టింది. ఫోన్లో ఛార్జింగ్ అయిపోతుందని ఆరు గంటలకు ఒకసారి మాట్లాడుకుంటున్నాం. మా ఆవిడ ఫోను పక్కన కూర్చుని కదలడం లేదు. ఏదో ఒకటి చెయ్యాలి, ఏదో ఒకటి చెప్పాలి. జవాబు లేకుండా ఉండటం నాకు చేతకాదు.

బాల్కనీలో ఒక పాత గ్రిల్ ఉంది నాన్నా, ముందు అద్దెకున్నవాళ్లు వదిలేసి పోయింది, ఒక బస్తాలో బొగ్గులు కూడా ఉన్నాయి, దాని మీద నీళ్లు కాచుకున్నాం అంది. నాకు మా ఊరి ఇల్లు గుర్తొచ్చింది. మాఘమాసం చలిలో మా నాయనమ్మ కుంపటి తెచ్చి మంచం కింద పెట్టేది. మేమందరం దాని వేడికే పెరిగాం.

"ఆ గ్రిల్ లోపలికి తెచ్చుకోండి" అన్నాను. "బొగ్గులు రాజేసి గది మధ్యల పెట్టుకోండి. తలుపులు, కిటికీలు గట్టిగ మూయండి, వేడి పోకుండ. రాత్రంతా వెచ్చగ పడుకోవచ్చు."

నేను చెప్పిన మాట ఇదే, ఒక్క ముక్క మార్చలేదు.

సరే నాన్నా అంది. నేను చెప్తే సరే అనే పిల్ల. వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. ఆ ఫ్లాట్‌లో ఉండే ఖమ్మం అమ్మాయి. ఫోను తను తీసుకుంది.

"అంకుల్, లోపల బొగ్గులు పెట్టొద్దు. ఇక్కడి ఇళ్లకు సందులుండవు. పొగ కనబడదు, వాసన రాదు, నిద్రలోనే ప్రాణం పోతది."

నేను ఆ పిల్లతో వాదించాను. మా ఊళ్లో తరతరాలుగా పెట్టుకున్నామమ్మా, ఏం కాలేదు అన్నాను. ఇరవై ఏడేళ్లు పాఠం చెప్పిన గొంతుతో అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "సారీ అంకుల్, నేను పెట్టనియ్య" అని ఫోను కట్ చేసింది. ఒక ఆడపిల్ల నన్ను కాదని ఫోను పెట్టేసిందని నాకు కోపం వచ్చింది. నా బిడ్డ ప్రాణం నిలబెట్టిన మనిషి మీద తెల్లారేదాకా కోపం పెట్టుకుని ఉన్నాను.

బొగ్గు సరిపడా గాలి లేకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. మనిషికి మత్తుగా ఉంటుంది, నిద్ర అనుకుంటాడు. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. జనరల్ సైన్స్‌లో నేను చెప్పిన బిట్టే. మా నాయనమ్మ కుంపటి మమ్మల్ని ఏమీ చెయ్యకపోవడానికి మా పెంకుటిల్లే కారణమని మాత్రం నాకు తట్టలేదు. గూనల సందుల్లోంచి గాలి ఆడేది, తలుపు కింద బెత్తెడు ఎడం ఉండేది. టెక్సస్ ఇల్లు ఏసీ గాలి బయటికి పోకుండా బిగించి కట్టిన పెట్టె. ఆ వారంలో టెక్సస్‌లో నా బిడ్డలాగే చలికి తాళలేక లోపల గ్రిల్ పెట్టుకున్నవాళ్లు, మూసిన గ్యారేజీలో కారు ఇంజన్ ఆన్ చేసి కూర్చున్నవాళ్లు వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. కొన్ని కుటుంబాల్లో పిల్లలు పోయారు.

ఇక్కడ అప్పటికి 16వ తేదీ వచ్చింది, వసంత పంచమి. మా పక్క వాటాలో పిల్లవాడికి అక్షరాభ్యాసం. పెద్ద సారు చేత్తో దిద్దించాలని వారం ముందే అడిగి ఉన్నారు. పళ్లెంలో బియ్యం పోసి, పసుపు రాసి, పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టారు. నేను వాడి వేలు పట్టుకున్నాను. చెయ్యి ఆడలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి, వాళ్ల తాతతో దిద్దించమని లేచి వచ్చేశాను. మా ఆవిడ చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి పోయి మధ్యాహ్నం దాకా రాలేదు. అప్పటికి నాకు అనుమానం మొదలైంది. కుంపటి సంగతి ఎవరినీ అడగలేదు, నేనే వెతికి చదివాను. చదివాక వంటింట్లోకి పోయి నేల మీద కూర్చుండిపోయాను.

18వ తేదీ రాత్రి, అక్కడి పొద్దున, కరెంటు వచ్చిందని మెసేజ్. మరునాడు రథసప్తమి. మా ఆవిడ జిల్లేడాకులు పెట్టుకుని తలస్నానం చేసి వచ్చేసరికి అమ్మాయి వీడియోలో కనిపించింది. పెదవులు పగిలి ఉన్నాయి. ఒంటి మీద నల్లకోటు ఉంది. ఖమ్మం అమ్మాయిది. ముగ్గురికీ అదొక్కటే సరైన కోటట. మూడు రాత్రులూ పరుపులన్నీ ఒక గదిలోకి లాగి, ముగ్గురూ ఒకే దుప్పట్ల కుప్ప కింద పడుకుని, కిటికీ వైపు పడుకునే వంతు ఎవరిదైతే వాళ్లు ఆ కోటు వేసుకున్నారట. స్నేహం అన్నది టెక్సస్ నినాదమని నేను ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్క లేదు. అది ఒక బిట్టుగా చెప్పాను.

మా అమ్మాయి కోటు మాట ఎత్తలేదు. కుంపటి మాట కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆ వారం నా పాత అట్లాస్ కిందికి దించాను. టెక్సస్ దగ్గర తెరిస్తే ఎడమ పేజీ అంచులు చెమటకు నల్లబడి, మడతల దగ్గర చిరిగి ఉంది. కుడి పేజీ కొన్ననాటిలాగే ఉంది. ముప్పై ఏడేళ్లలో ఆ పేజీ మీద నా వేలు పడలేదు. ఆ రోజు పెట్టాను. డాలస్ మీద వేలు పెట్టి పైకి జరిపాను. ఓక్లహోమా, కాన్సస్, నెబ్రాస్కా, రెండు డకోటాలు, ఆ పైన కెనడా. వేలికి ఎక్కడా కొండ తగల్లేదు. రాకీ పర్వతాలు ఉత్తరం నుంచి దక్షిణానికి పడమటి పక్కగా నిలబడి ఉన్నాయి. గాలికి అడ్డంగా, తూర్పు పడమరలుగా, ఏదీ లేదు. ధ్రువం వైపు నుంచి చల్లగాలి బయలుదేరితే మెక్సికో సింధుశాఖ దాకా దానికి తెరిచిన వాకిలే. పడమటి టెక్సస్ రైతుల్లో ఒక పాత మాట ఉంది: తమకూ ఉత్తర ధ్రువానికీ మధ్య ముళ్లకంచె తప్ప అడ్డం లేదని. మా దుకాణం ఆయన చెప్పినట్టే, వాళ్లు కూడా చూసి చెప్పిన మాట.

మరి జమ్మూ? అదే అక్షాంశం. కానీ జమ్మూకు వెనక హిమాలయం ఉంది. రెండు వేల నాలుగు వందల కిలోమీటర్ల గోడ, తూర్పు పడమరలుగా. మధ్య ఆసియా చలిని అది ఆపుతుంది కాబట్టే జమ్మూ మైదానంలో నీళ్లు గడ్డకట్టడం అరుదు. హిమాలయం మన దేశానికి చలిగాలుల నుంచి రక్ష అని నేను ప్రతి బ్యాచ్‌కూ చెప్పాను. అట్లాంటి గోడ లేని దేశం ఎట్లా ఉంటుందని ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదు. పిల్లలూ అడగలేదు. వాళ్లు అడగని విధంగా నేనే తయారుచేశాను. ఆ మాటకు నేను బాధ్యుణ్ణి.

కరెంటు సంగతి కూడా అంతే. గ్యాస్ ఎక్కువున్న రాష్ట్రంలో కరెంటు ఎట్లా పోయింది? చలికి బావుల దగ్గరే గ్యాస్ గొట్టాలు గడ్డకట్టాయి, గ్యాస్ అందక కరెంటు కేంద్రాలు ఆగాయి. చలికి తట్టుకునేలా యంత్రాలకు రక్షణ పెట్టాలని 2011లో ఇట్లాంటి చలి వచ్చినప్పుడే చెప్పారు, తప్పనిసరి మాత్రం చేయలేదు. పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకుందామంటే పెద్దగా దారి లేదు. టెక్సస్‌లో ఎక్కువ భాగానికి సొంత గ్రిడ్. 1935లో రాష్ట్రాల మధ్య నడిచే కరెంటు మీద ఫెడరల్ ప్రభుత్వానికి అధికారం ఇస్తూ చట్టం వచ్చింది. ఆ అధికారం కిందికి రాకూడదని అక్కడి సంస్థలు తమ తీగలను సరిహద్దు దాటించలేదు. రాష్ట్రంలోనే ఉన్న ఎల్ పాసో మాత్రం పడమటి రాష్ట్రాల గ్రిడ్‌తో కలిసి ఉంది. పైగా 2011 తర్వాత అక్కడ యంత్రాలను చలికి సిద్ధం చేసుకున్నారు. ఆ వారం ఎల్ పాసోలో కరెంటు దాదాపు పోనేలేదు. ఎల్ పాసో నాకు టైమ్ జోన్ బిట్టుగానే తెలుసు.

మన దగ్గర చూడండి. దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో పూర్తిగా కలిసింది 2013 డిసెంబర్ 31న, రాయచూరు–షోలాపూర్ లైనుతో. ఆ తేదీ నా నోట్సులో ఎర్ర గీత గీసి ఉంటుంది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది అంతా చీకటైతే మనకు కరెంటు ఉన్నది ఎందుకు? అప్పటికి మనం విడిగా ఉన్నాం కాబట్టి. విడిగా ఉండటం ఒకసారి కాపాడుతుంది, ఇంకోసారి చంపుతుంది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి క్లాసులో పది నిమిషాలు మాట్లాడి ఉంటే, టెక్సస్ గ్రిడ్ పేరు వినగానే నాకు గుండె ఝల్లుమనేది. పావుగంటల వస్తది అని ఉండేవాణ్ణి కాదు.

టెక్సస్ చరిత్రలోనే ఇంకో మనిషి కథ చదివాను. గాల్వెస్టన్ అని సముద్రం ఒడ్డు ఊరు. ఐజాక్ క్లైన్ అనే వాతావరణ అధికారి ఉండేవాడు. నిజంగా చదువుకున్నవాడు, పనిమంతుడు. గాల్వెస్టన్‌ను తుఫాను ఏమీ చేయలేదని, అట్లా భయపడటం వట్టి భ్రమని 1891లో పత్రికలో రాశాడు. 1900 సెప్టెంబర్ 8న తుఫాను ఆ ఊరిని ముంచింది. ఆరు వేల నుంచి ఎనిమిది వేల మంది, ఇంకా ఎక్కువే అనే వాళ్లూ ఉన్నారు, పోయారు. మన దివిసీమ ఉప్పెన చూసినవాళ్లకు ఆ నీళ్లు ఎట్లా వచ్చి ఉంటాయో చెప్పనక్కర్లేదు. క్లైన్ ఇల్లు కూలింది, గర్భిణి అయిన ఆయన భార్య ఆ రాత్రే పోయింది. ఆయన 1955 దాకా బతికాడు. యాభై ఐదేళ్లు ఆ వ్యాసాన్ని మోసుకుని ఆయన ఎట్లా బతికాడో నాకు కొంచెం తెలుసు. నాకు ఖమ్మం అమ్మాయి దొరికింది. ఆయనకు ఎవరూ దొరకలేదు.

ఏప్రిల్‌లో ఆ అమ్మాయికి ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. "అయ్యో అంకుల్, మీరు భయంల చెప్పిన్రు" అంది. భయంలో చెప్పలేదు. తెలుసనుకుని చెప్పాను. ఆ మాట కూడా ఆమెకు చెప్పాను.

అదే నెలలో కోఠికి పోయి ఆ దుకాణంలో కోటు కొన్నాను. అదే కోటు కాదు, అట్లాంటిదే. మూడు వేల రెండు వందలు. దుకాణం ఆయన నన్ను గుర్తుపట్టలేదు, జరిగింది చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడకుండా మడత పెట్టి ఇచ్చాడు. ఆ కోటు మా బీరువాలో ఉంది. అమ్మాయి అక్కడే ఒకటి కొనుక్కుంది కాబట్టి దీనితో పని లేదు. ఇంట్లో ఉంచాను.

ఇప్పుడు నేను క్లాసులు తగ్గించుకున్నాను. చెప్పే ఒకటి రెండు క్లాసుల్లో తంగేడు తెలంగాణ రాష్ట్ర పువ్వు అని చెప్పి ఆగను. బతుకమ్మ వేళకు మన మెట్ట నేలల్లో ఏ నీరూ పెట్టకుండా అది ఎట్లా పూస్తుందో అడుగుతాను. జవాబు రాకపోతే ఇంటికి పోయి అమ్మమ్మలను అడిగి రమ్మంటాను. సిలబస్ కాదని కొందరు లేచిపోతారు. వాళ్ల తప్పు లేదు.

ఆ ఫిబ్రవరి చలికి టెక్సస్‌లో పోయినవాళ్లు 246 మంది అని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది. ఎక్కువ మంది చలి వల్లే పోయారు. ఎంతోమంది తమ ఇళ్లలోనే. ఆ ఏడాది జూన్‌లో కరెంటు కేంద్రాలను చలికి సిద్ధం చేయాలని చట్టం తెచ్చారు. అయినా ఉత్తరాన కొండ మొలవలేదు, మొలవదు. గాలి మళ్లీ వస్తుంది.

ప్రతి జులైలో, ప్రతి డిసెంబరులో కోఠిలో సూట్‌కేసులు కొనే తల్లిదండ్రులను చూస్తుంటాను. మీ పిల్లలు డాలస్‌కో, ఆస్టిన్‌కో, హ్యూస్టన్‌కో పోతుంటే, అక్కడ చలికాలం గడిపిన వాళ్లను ఒక్కరిని అడగండి, వాళ్లు ఎంత చిన్నవాళ్లయినా సరే. పిల్ల కోటు కావాలంటే కొననివ్వండి. పచ్చడి సీసా ఒకటి తగ్గినా ఏమీ కాదు. అక్కడ దిగిన వారంలోనే గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూసుకోమనండి, లేకపోతే కొనుక్కోమనండి. చలిలో కరెంటు పోయి మీకు ఫోన్ వస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి: కుంపటి, బొగ్గుల గ్రిల్, జనరేటర్, కారు ఇంజన్, ఈ నాలుగూ ఇంటి బయటే ఉండాలి.